అభయం అనే మాట

ఆంధ్రదేశంలో ఉన్నవాళ్ళకు ఒక సంగతికి ఒక మాట చాలు. ఎల్లలు దాటి వచ్చి తరాల కిందట స్థిరపడిన మనబోటివాళ్ళకు అలా కుదరదు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, పత్రికలో మరొక మాట. కొన్నిసార్లు ఈ ఇబ్బందే మేలు చేస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప మాటల లోపలి అర్థం తెలియదు.

'ఉగ్రవాదం' అన్న మాటనే తీసుకోండి. మా తమిళ పత్రికలు దీన్ని 'భయంకరవాదం' అంటాయి. కన్నడం వాళ్ళు 'భయోత్పాదనె' అంటారు, అంటే భయాన్ని ఉత్పత్తి చేయడం. నేను చదివింది వాణిజ్యశాస్త్రం కాబట్టి కాబోలు, ఆ మాట వినగానే ముడిసరుకు, కార్ఖానా, అమ్మకం అన్నీ కళ్ళకు కడతాయి. మరాఠీలో 'దహశత్‌వాద్', ఒరియాలో 'సంత్రాసవాదం', హిందీలో 'ఆతంకవాదం'. వీటన్నిటిలోనూ భయం ఉంది. ఒక్క తెలుగు మాటలోనే భయం లేదు, ఉగ్రత ఉంది. ఉగ్రత మనకు దేవుడి లక్షణం. అహోబిలంలో ఉన్నది ఉగ్రనరసింహుడు. ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే మా నాయనమ్మ తలచుకున్నది ఆ స్వామినే. అంత పవిత్రమైన విశేషణాన్ని తెచ్చి బస్సులో బాంబు పెట్టినవాడికి తగిలించామేమిటా అని నాకు చాలాకాలంగా ఒక బాధ.

ఆ బాధలోంచి పుట్టిన ప్రశ్న ఇది. దేవుడి పేరు చెప్పి, ధర్మం పేరు చెప్పి మనిషిని చంపినవాడి గురించి అదే దేవుణ్ణి కొలిచేవాళ్ళు ఏమనుకున్నారు? ఈ ప్రశ్న అడిగినప్పుడు మనం సాధారణంగా పొరుగు మతంవైపు వేలు చూపిస్తాం. నాకు మాత్రం మా జిల్లాలోనే ఒక రైల్వే స్టేషను కనబడుతుంది.

మా ఊరు కోవిల్‌పట్టి. అక్కడినుంచి తిరునెల్వేలికి వెళ్ళే దారిలో మణియాచ్చి జంక్షన్ వస్తుంది. తూత్తుక్కుడి వెళ్ళే దారి అక్కడ చీలుతుంది. ఇప్పుడు స్టేషను బోర్డు మీద 'వాంచి మణియాచ్చి' అని ఉంటుంది. 1911 జూన్ 17 ఉదయం తిరునెల్వేలి కలెక్టరు ఆష్ దొర భార్యతో కలిసి కొడైకెనాల్‌కు బయలుదేరాడు. మణియాచ్చిలో బండి ఆగింది. మొదటి తరగతి పెట్టెలో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని ఉండగా ఒక యువకుడు లోపలికి వచ్చి, బ్రౌనింగ్ పిస్తోలుతో దొర గుండెకు గురిపెట్టి కాల్చాడు. కాల్చి ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి, మరుగుదొడ్లో దూరి, తన నోట్లో తనే కాల్చుకుని చనిపోయాడు. అతని పేరు వాంచి అయ్యరు. ఊరు సెంగోట్టై. వయసు పాతికేళ్ళు. తిరువాన్కూరు సంస్థానంలోని పునలూరులో అటవీశాఖ గుమాస్తా.

గుమాస్తా అన్నచోట నేనెప్పుడూ కాస్త ఆగుతాను. పగలంతా దుంగల లెక్క, పట్టీల లెక్క రాసిన చేయి అది. అటువంటి చేతిని పిస్తోలు దాకా నడిపించినదేమిటి?

అతని జేబులో ఒక ఉత్తరం దొరికింది. తమిళంలో ఉన్న చిన్న ఉత్తరం. దాని సారం ఇది. మ్లేచ్ఛులు మన దేశాన్ని పట్టుకుని సనాతనధర్మాన్ని కాళ్ళకింద తొక్కుతున్నారు. రాముడు, కృష్ణుడు, అర్జునుడు, శివాజీ, గురుగోవిందుడు ఏలిన నేలమీద గోమాంసం తినే అయిదో జార్జికి పట్టాభిషేకమా? అతను ఈ నేలమీద కాలు పెట్టగానే చంపుతామని మూడు వేలమంది మదరాసీలు ప్రతిజ్ఞ చేశారు. ఆ సంగతి తెలియజేయడానికి వారిలో అల్పుడినైన నేను ఈ రోజు ఈ పని చేశాను. లండన్‌లో జార్జి పట్టాభిషేకం జూన్ 22న జరగవలసి ఉంది. అంటే అయిదు రోజుల ముందు.

ఈ ఉత్తరంలో నన్ను పట్టి ఉంచేది కోపం కాదు. కోపానికి కారణాలు బోలెడు ఉన్నాయి. 1906లో చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ పెట్టాడు. దాన్ని ముంచడానికి దొరతనం చెయ్యని పని లేదు. 1908 మార్చిలో పిళ్ళైనీ, సుబ్రహ్మణ్య శివనూ అరెస్టు చేస్తే తిరునెల్వేలి భగ్గుమంది, కాల్పుల్లో నలుగురు పోయారు. పిళ్ళైకి మొదట వేసిన శిక్ష రెండు యావజ్జీవాలు, అంటే నలభై ఏళ్ళు. తరువాత తగ్గించారనుకోండి. అప్పట్లో తూత్తుక్కుడిలో అధికారిగా ఉన్నవాడు ఈ ఆష్ దొరే. ఆ తిరునెల్వేలి కాల్పుల వార్త మన తెలుగునాడుకు కూడా చేరింది. బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు దొరతనాన్ని క్రూరమైన పులితో పోల్చి వ్యాసం రాశారు. మూడేళ్ళు కఠినశిక్ష అనుభవించారు, అదీ మా తమిళదేశపు వెల్లూరు జైల్లో. ఒకే కాల్పుల మీద ఒకరికి కలం లేచింది, ఒకరికి మూడేళ్ళ తరువాత పిస్తోలు లేచింది.

కాబట్టి కోపం అర్థమవుతుంది. కాని ఉత్తరంలో ఓడల కంపెనీ లేదు. చచ్చిపోయిన నలుగురు లేరు. నలభై ఏళ్ళ శిక్ష లేదు. ఉన్నది ధర్మం, మ్లేచ్ఛుడు, గోమాంసం. లోకంలోని అన్యాయం ఉత్తరంలోకి వచ్చేసరికి దేవుడి మీద జరిగిన అపచారంగా మారిపోయింది. అలా మారిన తరువాత ఎదుటనున్నది ఫలానా పనులు చేసిన ఫలానా అధికారి కాడు, మ్లేచ్ఛుడు. అతని పక్కన కూర్చున్న భార్య కళ్ళముందు చంపవచ్చునా అన్న ప్రశ్న కూడా అక్కడ పుట్టదు.

ఆ ఉత్తరాన్ని మరోవైపు నుంచి చదివినవాళ్ళు కూడా మా ప్రాంతంలో ఉన్నారు. ప్రసవవేదనతో ఉన్న ఒక దళిత స్త్రీని ఆష్ దంపతులు తమ బండిలో ఎక్కించుకుని అగ్రహారం గుండా తీసుకుపోయారనీ, అదే అతని చావుకు కారణమనీ ఒక కథ చెబుతారు. దీనికి రాతపూర్వకమైన ఆధారం లేదని ఈ కేసును పరిశోధించిన చరిత్రకారులు అంటున్నారు. నేను వాళ్ళమాటే నమ్ముతాను. అయితే ఆ కథ ఎందుకు పుట్టిందో ఆలోచించాలి. సనాతనధర్మం తొక్కబడుతున్నదన్న మాట విని గుండె మండినవాళ్ళు కొందరైతే, ఆ ధర్మం నిలబడితే తమ గతేమిటని భయపడినవాళ్ళు మరికొందరు. ఒకే మాట ఒకరికి అభయం, ఒకరికి భయం.

మణియాచ్చి ఒంటరిగా పుట్టలేదు. 1897 జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవం నాడు, పూనాలో చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. అతనితోపాటు అయర్‌స్ట్ అనే మరొక అధికారీ పోయాడు. సోదా పేరుతో సోల్జర్లు వంటిళ్ళలోకీ, పూజగదుల్లోకీ బూట్లతో వచ్చారన్నది అప్పటి జనం మొర. అక్కడా ధర్మరక్షణే కారణం, అక్కడా రాజకుటుంబపు ఉత్సవమే సందర్భం. జూన్ 22 రెండుచోట్లా రావడం మాత్రం కాకతాళీయం. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోసు, ప్రఫుల్ల చాకీ కింగ్స్‌ఫర్డ్ అనే జడ్జికోసం బాంబు విసిరారు. బండి పొరబడ్డారు. చచ్చిపోయినవాళ్ళు కెనడీ అనే వకీలు భార్యా, కూతురూ. ఖుదీరాంను ఆగస్టు 11న ఉరితీశారు. పద్దెనిమిదేళ్ళవాడు. వంగదేశపు రహస్య సమితుల్లో చేరినవాళ్ళు గీత పట్టుకుని ప్రమాణం చేసేవారు. 1918లో రౌలట్ కమిటీ తన నివేదికలో ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తి చూపింది.

ముజఫర్‌పూర్ బాంబు మీద 'కేసరి'లో రాసిన వ్యాసాలకు తిలక్‌కు ఆరేళ్ళు ప్రవాసశిక్ష పడింది. మాండలే జైల్లో కూర్చుని ఆయన పెన్సిలుతో రాసిందే 'గీతారహస్యం'. 1915లో అచ్చయింది. కర్మయోగమే గీత హృదయమని ఆయన వాదం. ఆ గ్రంథం బాంబు వేయమని చెప్పదు, అది ఒప్పుకోవాలి. స్వార్థం లేకుండా, ఫలం ఆశించకుండా చేసిన కర్మ అంటదని మాత్రం చెబుతుంది. ఏ కర్మ అన్నది చదువుకున్నవాడి చేతిలో ఉంది.

ఇక్కడ పుదుచ్చేరి సంగతి చెప్పాలి, యానాం పాఠకులకు ఇది తెలిసిన కథే అయినా. ఫ్రెంచివాళ్ళ నేల కావడంతో బ్రిటిషు పోలీసులకు దొరకకుండా ఉండదలచినవాళ్ళంతా అక్కడికి చేరారు. ఆలీపూర్ బాంబు కేసులో నిర్దోషిగా బయటపడిన అరవిందులు 1910 ఏప్రిల్ 4న అక్కడ దిగారు. రాజకీయ సన్యాసులను తయారుచేయాలని 1905లో 'భవానీ మందిరం' పుస్తకం రాసినవాడు అసలైన యోగంలోకి పోయి మళ్ళీ వెనక్కి చూడలేదు. సుబ్రహ్మణ్య భారతి అక్కడే ఉన్నాడు. లండన్‌లో సావర్కర్ సహచరుడైన వ.వే.సు. అయ్యరూ అక్కడికే వచ్చాడు. వాంచికి తుపాకి గురి నేర్పింది ఈయనేనని చెబుతారు. 1920లో పుదుచ్చేరి విడిచి వచ్చిన తరువాత అయ్యరు మనిషే మారాడు. తిరుక్కురళ్‌ను ఇంగ్లీషు చేసిన పండితుడాయన. అప్పటి మా జిల్లాలోనే చేరన్‌మాదేవిలో గురుకులం పెట్టాడు. పిస్తోలు వదిలేసినవాడిని పంక్తిభోజనం పట్టుకుంది. బ్రాహ్మణ పిల్లలకు వేరే భోజనం పెట్టారని పెద్ద గొడవ లేచింది, తమిళ రాజకీయాల గతినే అది మార్చింది. 1925 జూన్ 3న పాపనాశం జలపాతంలో కొట్టుకుపోతున్న కూతుర్ని కాపాడబోయి ఆయనా మునిగిపోయాడు.

ఆష్ హత్య కేసులో మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారి కథ ఇంకా విచిత్రం. ఊరూరా తిరిగి రహస్య సంఘంలో సభ్యులను చేర్పించినవాడు అతనే. ఏడేళ్ళ శిక్ష పడింది. ఆ తరువాత మరోసారి జైలుకు వెళ్ళాడు. చివరికి సన్యాసం పుచ్చుకుని సాధు ఓంకార్ అనే పేరుతో మైసూరు రాజ్యంలోని నందికొండ చేరాడు. 1978లో అక్కడే పోయాడు. చిక్కబళ్ళాపురం వైపు తెలుగువాళ్ళకు నందికొండంటే ఇంటి పెరడు. ఆ సాధువును చూసినవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో ఎవరైనా ఉండవచ్చు.

సన్యాసం అంటే నాకొక సంగతి స్ఫురిస్తుంది. సన్యాసం పుచ్చుకునేటప్పుడు చేసే విధుల్లో ఒకటి అభయదానం. నా వల్ల ఇకపై ఏ ప్రాణికీ భయం లేదని నీళ్ళు వదిలి చెప్పడం. కాషాయం ఆ మాటకు గుర్తు. బంకించంద్రుడు 1882లో 'ఆనందమఠం'లో ఆ కాషాయం కట్టినవాళ్ళ చేతికి కత్తి ఇచ్చాడు. ఒక తరం యువకులు ఆ బొమ్మను గుండెలో పెట్టుకున్నారు. సన్యాసి త్యాగం కావాలి, నిర్భయం కావాలి, కాని అతను లోకానికి ఇచ్చిన అభయం మాత్రం అక్కర్లేదు. వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. నీలకంఠుడు మొదట కత్తి, తరువాత కాషాయం ఎత్తుకున్నాడు. నందికొండమీద ఆ అభయదానం చేసేటప్పుడు అతని మనస్సులో మణియాచ్చి మెదిలిందో లేదో మనకెలా తెలుస్తుంది?

ఇక లండన్ వెళదాం. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా అనే పంజాబీ విద్యార్థి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. అడ్డం వచ్చిన లాల్‌కాకా అనే పార్శీ డాక్టరూ పోయాడు. పదిరోజులకు గాంధీ దక్షిణాఫ్రికా భారతీయుల పనిమీద లండన్‌లో దిగాడు. ఎక్కడ చూసినా ఇదే మాట. విద్యార్థుల్లో చాలామందికి ధింగ్రా దేవుడు. ఆగస్టు 17న ధింగ్రాను ఉరితీశారు. ఆ అక్టోబరు 24న లండన్‌లోని భారతీయులు దసరా విందు చేశారు. గాంధీ అధ్యక్షుడు, సావర్కర్ వక్త. వివాదాస్పదమైన రాజకీయాలు ఎత్తకూడదని షరతు. కాబట్టి ఇద్దరూ రామాయణమే మాట్లాడారు. రాముడు అనుభవించిన కష్టాలు, సీత పాతివ్రత్యం, లక్ష్మణుడి తపస్సు, వీటివల్ల దేశం బాగుపడుతుందని ఒకాయన. రావణుణ్ణి చంపాకే రామరాజ్యం వచ్చిందనీ, దసరాకు ముందు తొమ్మిది రోజులు మనం పూజించేది దుర్గనేననీ మరొకాయన. షరతును ఇద్దరూ పాటించారు, ఇద్దరూ పాటించలేదు!

తిరుగు ప్రయాణంలో కిల్డోనన్ కాజిల్ అనే ఓడమీద నవంబరు 13 నుంచి 22 దాకా పది రోజుల్లో గాంధీ 'హింద్ స్వరాజ్' రాశాడు. కుడిచేయి నొప్పిపెడితే ఎడమచేత్తో రాశాడు. ఆ చిన్న పుస్తకంలో ధింగ్రా ప్రస్తావన ఉంది. దేశభక్తుడే, కాని గుడ్డి ప్రేమ అంటాడు. చంపి స్వరాజ్యం తెచ్చినవాళ్ళు చంపే రాజ్యమే చేస్తారన్నది ఆయన భయం. అవును, అక్కడ భయపడింది గాంధీయే. తెల్లవాడు పోతాడేమో కాని అతని పులితనం ఇక్కడే ఉండిపోతుందని. 1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. బాంబును ఖండించిన పుస్తకాన్ని బాంబుకు భయపడే ప్రభుత్వం నిషేధించడం చూస్తే, సర్కారీ ఫైళ్ళు నడిచే తీరు తెలిసినవాణ్ణి కాబట్టి నాకు ఆశ్చర్యం లేదు.

గాంధీ కూడా గీతనే పట్టుకున్నాడు. 1889లో లండన్‌లో ఆర్నాల్డ్ అనువాదంలో మొదటిసారి చదివాడు. 1926లో సబర్మతి ఆశ్రమంలో నెలల తరబడి దానిమీద మాట్లాడాడు. తన గుజరాతీ అనువాదానికి 'అనాసక్తియోగం' అని పేరుపెట్టి, 1930 మార్చి 12న, సరిగ్గా దండికి బయలుదేరిన రోజున వెలువరించాడు. గీతలో పదహారో అధ్యాయం ఉంది కదా, దైవీసంపద ఇరవైఆరు గుణాల పట్టిక. దాని మొదటి మాట 'అభయం'. సత్యం, అహింస, దయ అన్నీ దాని తరువాతే. పట్టికలో మొదటి పద్దు ఎందుకు మొదటిదో ఆలోచించడం మా వృత్తి అలవాటు. భయం ఉన్నవాడు నిజం చెప్పలేడు, భయం ఉన్నవాడు దయ చూపలేడు, అందుకే అది ముందు వచ్చిందని గాంధీ తాత్పర్యం. ఆశ్రమవాసుల పదకొండు వ్రతాల్లో అభయం ఒకటి. 1930లో ఎరవాడ జైలునుంచి వారం వారం ఆశ్రమానికి రాసిన ఉత్తరాల్లో ఒక ఉత్తరం మొత్తం దీనిమీదే.

వాంచికీ, ధింగ్రాకూ భయం లేదన్నది నిజం. చావు ముందు వాళ్ళు వణకలేదు. మరి వాళ్ళకు అభయం ఉన్నట్టేనా? దీనికి జవాబు గీత పన్నెండో అధ్యాయంలో ఉందనుకుంటాను. భక్తుడి లక్షణాలు చెబుతూ భయం రెండువైపులా పోవాలంటుంది. తాను లోకానికి బెదరకపోవడం సగమే. లోకం తనకు బెదరకపోవడం రెండో సగం. మొదటి సగం బందిపోటుకు కూడా ఉంటుంది.

మనకు ఈ తర్కం కంటే ప్రహ్లాదుడి కథ దగ్గర. గాంధీ కూడా అతణ్ణే మొదటి సత్యాగ్రహి అనేవాడు. పోతన గారి ప్రహ్లాదచరిత్ర పిల్లప్పుడు తమిళదేశంలో పెరిగిన నాకు కూడా నోటికి వచ్చింది, మా తాత ధర్మాన. పాములు, ఏనుగులు, నిప్పు, విషం, సముద్రం ఇన్నీ హిరణ్యకశిపుడి భయోత్పాదన సామగ్రి. పిల్లవాడు బెదరలేదు. బెదిరించనూ లేదు. స్తంభంలోంచి ఉగ్రుడు వచ్చాడు సరే. వచ్చినవాడు నరసింహుడు, ప్రహ్లాదుడు కాదు. ఉగ్రత దేవుడి దగ్గరే ఉంచి, భక్తుడికి ఒక్క గోరు కూడా మొలిపించలేదు ఆ కథకుడు. చంపిన తరువాత ఆ ఉగ్రరూపం చూసి దేవతలు దగ్గరికి రావడానికి భయపడితే, వెళ్ళి శాంతింపజేసింది కూడా ఆ పిల్లవాడే.

అల్లూరి సీతారామరాజు సంగతి ఏమిటని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఆయనా సన్యాసివేషంలోనే ఉన్నాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద వరసగా మూడు రోజులు దాడి చేశాడు. కాని అదివరకే చెప్పి చేశాడన్న ఖ్యాతి ఉంది, భారతీయుల ప్రాణం తీయవద్దన్న కట్టడి ఉంది. మన్యం జనానికి ఆయన పేరు ధైర్యం ఇచ్చింది. దీన్నీ ముజఫర్‌పూర్ బాంబునూ ఒకే పద్దు కింద రాయడం నాకు ఇష్టం లేదు. 1929లో గాంధీ ఆయన గురించి రాస్తూ, సాయుధమార్గాన్ని ఒప్పుకోలేనంటూనే ఆ శౌర్యానికీ త్యాగానికీ నమస్కరించాడు. నేనూ అంతకుమించి చెప్పలేను.

ఆ తరువాతి తరంలో భగత్‌సింగ్ దేవుణ్ణే పక్కన పెట్టేశాడు. 1930లో జైల్లో తాను నాస్తికుణ్ణెందుకయ్యానో రాస్తూ, తనకు ముందటి విప్లవకారులు దైవభక్తిలో బలం వెతుక్కున్నారన్నాడు. గీతను వదలనివాళ్ళూ మిగిలారు. 1948 జనవరి 20న బిర్లా భవనంలో ప్రార్థన జరుగుతుండగా బాంబు పేలింది. పెట్టినవాడి పేరు మళ్ళీ మదన్‌లాలే, ఇంటిపేరు పహ్వా. గాంధీ ప్రార్థన ఆపలేదు. ఆ కుర్రవాణ్ణి వేధించవద్దని పోలీసులకు చెప్పాడు. ప్రార్థనకు వచ్చేవాళ్ళను సోదా చేయడానికి ఒప్పుకోలేదు. పదిరోజులకు గాడ్సే వచ్చాడు. 1949 నవంబరు 15న అంబాలా జైల్లో ఉరికంబం ఎక్కేటప్పుడు గాడ్సే చేతిలో ఉన్నదీ గీతే.

పాత కథలు ఎంతసేపని అంటారేమో. 1998 ఫిబ్రవరి 14న కోయంబత్తూరులో వరస బాంబులు పేలినప్పుడు నేను ఆ ఊళ్ళో ఒక బ్యాంకు శాఖలో గుమాస్తాను. యాభై ఎనిమిది మంది పోయారు. అంతకు మూడు నెలల కిందట ఉక్కడంలో ఒక పోలీసు కానిస్టేబుల్‌ను చంపారు, దానికి ప్రతిగా జరిగిన అల్లర్లలో పద్దెనిమిది మంది ముస్లింలు చచ్చిపోయారు. బాంబులు దానికి ప్రతి అన్నారు. బాకీ తీర్చినట్టు. ఆ పద్దెనిమిది మందిని చంపినవాళ్ళు వేరు, ఫిబ్రవరిలో చచ్చిపోయినవాళ్ళు వేరు. ఇది ఏ లెక్కలో తీరిన బాకీయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బ్యాంకు మళ్ళీ తెరిచిన రోజు చూసిన వరస గుర్తుంది. లాకర్లోని నగలు ఇంటికి తీసుకుపోదామని వచ్చినవాళ్ళూ, ఇంట్లోని నగలు తెచ్చి లాకర్లో పెడదామని వచ్చినవాళ్ళూ ఒకే వరసలో నిలబడ్డారు. ఇల్లు భద్రమా, బ్యాంకు భద్రమా అన్నది ఎవరికీ తెలియదు. కోట్టైమేడు నుంచి వచ్చే పాత ఇనుము వర్తకుడొకాయన రోజూ గోనెసంచిలో చిల్లర తెచ్చి కట్టేవాడు. ఆ తరువాత చాలా రోజులు రాలేదు. వచ్చిన రోజున సంచి గుమ్మం దగ్గరే బోర్లించి, లోపల ఏమీ లేదని అందరికీ చూపించి, మళ్ళీ ఏరుకుని లోపలికి తెచ్చాడు. ఎవరూ చూపించమని అడగలేదు. మా వాచ్‌మన్ కూడా వంగి నాణేలు ఏరాడు. కౌంటర్లో ఇద్దరం ముగ్గురం తల దించుకుని మా పని చేసుకున్నాం.

ఆ బాంబులు పెట్టినవాళ్ళు ఎవరికోసం పెట్టామన్నారో ఆ మనిషి కూడా ఆ వర్తకుడే. అతనికి దక్కింది ఇది.

అల్లా నామాల్లో 'అల్ ముఅమిన్' ఒకటి అని ఆ ఊళ్ళోనే ఒక మిత్రుడు చెప్పగా విన్నాను. అభయమిచ్చేవాడు అని అర్థం. బైబిల్లో దేవదూత కనబడ్డప్పుడు తరచుగా మొదట చెప్పేది భయపడవద్దనే. మన గుళ్ళో స్వామి కుడిచేయి చూడండి. అన్నిచోట్లా ఉన్నది ఈ ఒక్క మాటే కాబట్టి మతాలన్నీ ఒకటేనని తేల్చేసేంత సాహసం నాకు లేదు. ఆ మాటను తమవాళ్ళకు ఎదురుగా నిలబడి చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరు చెప్పారన్నదే నాకు ముఖ్యం.

అలా చెప్పినవాళ్ళు బొంబాయిలో కనబడ్డారు. 2008 నవంబరు 26న సముద్రం మీదుగా వచ్చిన పదిమంది ఆ నగరంలో 166 మందిని చంపారు. చనిపోయినవాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. దాడి చేసినవాళ్ళలో తొమ్మిదిమంది చచ్చారు, కసబ్ ఒక్కడు దొరికాడు. ముస్లిం శవానికి వారసులు లేకపోతే దగ్గరలోని ఖబరస్తాన్ వాళ్ళు తీసుకుని పాతిపెట్టడం ఆచారం. మెరీన్ లైన్స్‌లోని బడా ఖబరస్తాన్‌ను చూసే జామా మసీదు ట్రస్టు ఈ తొమ్మిది శవాలనూ తీసుకోమంది. అమాయకులను చంపినవాళ్ళు ఇస్లాంను పాటించినవాళ్ళు కారని కారణం చెప్పింది. చావు దగ్గర అందరినీ క్షమించే మతం, శవాన్ని ఆలస్యం చేయకుండా మట్టికి అప్పగించాలనే మతం. తమ శాస్త్రంలోని ఒక విధిని పక్కనపెట్టి ఇంకొక విధిని నిలబెట్టుకున్నారు. ఎవరూ వాళ్ళను అడగలేదు, ఒత్తిడి చేయలేదు అనను. ఆ రోజుల్లో ఆ నగరంలో ముస్లింగా ఉండడమే ఒక ఒత్తిడి, గుమ్మం దగ్గర సంచి బోర్లించిన మనిషిని చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. అయినా చేసినది చిన్న పని కాదు. వాంచినీ, ధింగ్రానూ, గాడ్సేనూ మన ఇళ్ళలో ఎలా తలచుకుంటున్నామో చూసుకుంటే ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

ఆ తొమ్మిది శవాలు ఏడాదికి పైగా జె.జె. ఆసుపత్రి శవాగారంలో ఉండిపోయాయి. 2010 జనవరిలో ప్రభుత్వం రహస్యంగా పాతిపెట్టింది. ఏప్రిల్‌లో గాని ఆ సంగతి బయటపెట్టలేదు, ఎక్కడ పాతిందో అప్పుడూ చెప్పలేదు. కసబ్‌ను 2012 నవంబరు 21న ఎరవాడ జైల్లో ఉరితీసి, ఆ ఆవరణలోనే పూడ్చారు. 1898లో దామోదర్ చాపేకర్‌ను ఉరితీసిందీ, 1930లో గాంధీ అభయం మీద ఉత్తరం రాసిందీ ఆ జైల్లోనే.